మెడ ఆపరేషన్‌కి ముందు

చిరంజీవి రవికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఎమ్మారై రిపోర్టు చూశాను. మెడలో వెన్నుపాము నలుగుతోందని తెలిసినప్పటి నుంచి నీది ఒకటే ప్రశ్న: "చిన్న కోతతో అయిపోతుందా?" న్యూరో సర్జరీ వార్డులో నర్సుగా రిటైరైనదాన్ని కాబట్టి చెప్తున్నా, దాన్ని తర్వాత అడుగు. ముందు "ఒత్తిడి పూర్తిగా తొలగుతుందా?" అని అడుగు.

ఒకటి రెండు డిస్కులే (మెడ ఎముకల మధ్య దిండ్లలా ఉండేవి) ముందునుంచి నొక్కుతుంటే, గొంతు పక్కన చర్మపు ముడతలో చిన్న కోత పెట్టి డిస్కు తీసేస్తారు, పైనా కిందా ఉన్న ఎముకల్ని అతుక్కునేలా చేస్తారు. ఇది 1950ల నుంచి ఉన్న పద్ధతే, మైక్రోస్కోపు వచ్చాక నాజూకైంది. వెనకనుంచి సన్నటి గొట్టం దించి చేసేది, చేతికి వెళ్లే నరం నలిగినవాళ్లకు బాగా పనికొస్తుంది. వెన్నుపామే నలిగితే అందరికీ అది కుదరదు. మూడు నాలుగు చోట్ల ఒత్తిడి ఉన్నా, ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లోపలి పట్టీ (లిగమెంటు) ఎముకలా గట్టిపడినా, వెనకవైపు పెద్ద కోతే మేలు కావచ్చు. అలా చెప్పిన డాక్టర్ని పాతకాలం మనిషి అనుకోకు.

నొప్పి లేదు కదా, ఆగుదాం అంటున్నావు. ఈ జబ్బులో నొప్పి లేకపోవడం ధైర్యం చెప్పే విషయం కాదు నాయనా. గుండీలు పెట్టుకోలేకపోతున్నావు, నడకలో తూలుతున్నావు, అవే అసలు లెక్క. లక్షణాలు మరీ స్వల్పంగా ఉంటే డాక్టరు కనిపెట్టి చూస్తూ ఫిజియోథెరపీ చేయించవచ్చు. అంతకు మించితే ఆపరేషనే చెప్తారు. అది ముఖ్యంగా ఇంకా పాడవకుండా ఆపడానికి. పోయిన పట్టు కొంత తిరిగి రావచ్చు, మొత్తం వస్తుందని ఎవరైనా మాటిస్తే నమ్మకు. ఈలోగా మెడ విరిపించుకోవడం మాత్రం వద్దేవద్దు. జారిపడకుండా చూసుకో.

సిగరెట్ మానెయ్, ఎముక అతుక్కోవడానికి అది అడ్డం. రక్తం పలచబరిచే మాత్రలు వేసుకుంటుంటే డాక్టరుకి చెప్పు, సొంతంగా ఆపకు.

ముందువైపు ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు మింగడం కష్టంగా, గొంతు బొంగురుగా ఉండొచ్చు, చాలామందికి తగ్గిపోతుంది. కానీ మెడ వాచి ఊపిరాడకపోతే ఒక్క క్షణం ఆగకుండా నర్సుని పిలవాలి. భుజం పైకి లేవకపోయినా వెంటనే చెప్పు.

ఇలాంటి కేసులు ఎన్ని చేశారో, ఆపరేషన్ జరుగుతుండగా నరాల పనితీరు మానిటర్ చేస్తారో లేదో సర్జన్‌ని అడగడానికి మొహమాటపడకు. జవాబులు కాగితం మీద రాసుకుని రా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ