విశాఖలో ఉండి అగ్నిపర్వతాల అడుగున జరిగేది చదవవచ్చా?

ప్రశ్న: విశాఖపట్నంలో డిగ్రీలో భౌతికశాస్త్రం చదువుతున్నాను. అగ్నిపర్వతం కింద ఏం జరుగుతోందో భూకంప తరంగాలతో ఎలా కనిపెడతారు? మన దగ్గర అగ్నిపర్వతమే లేదు, ఆ చదువు నీకెందుకని ఇంట్లో అంటున్నారు. ఇక్కడ ఉండి ఈ రంగంలోకి రావడం కుదురుతుందా?

జవాబు:

తప్పకుండా కుదురుతుంది. నేను ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జియోఫిజిక్స్ చదివాను. ఇప్పటికీ విశాఖలోనే ఉంటూ భూకంప రికార్డుల మీద పని చేస్తున్నాను. అగ్నిపర్వతం దగ్గర ఉండాల్సింది పరికరం. అది గీసిన గీతను చదివే మనిషి ఎక్కడైనా ఉండవచ్చు. ఆ గీతలో ఏమి చూడాలో తెలియడమే అసలు విద్య కాబట్టి మీ మొదటి ప్రశ్నకే ఎక్కువ చోటు ఇస్తాను.

పెద్ద భూకంపం వస్తేనే అగ్నిపర్వతం పేలుతుందని చాలామంది నమ్మకం. నిజానికి మేము వెతికేవి చాలా చిన్న ప్రకంపనలు. వాటిలో ఎక్కువ భాగం ఆ కొండ మీద నిలబడ్డ మనిషికి కూడా తెలియవు. వాటి పరిమాణం కన్నా ఆకారం ముఖ్యం. ప్రకంపన ఎలా మొదలైంది, ఎంతసేపు సాగింది, ఏ పౌనఃపున్యంలో (సెకనుకు ఎన్నిసార్లు) ఊగింది, దాని తర్వాతది ఎంత వ్యవధిలో వచ్చింది అన్నవి చూస్తే కింద రాయి పగులుతోందా, ద్రవం కదులుతోందా అన్నది చాలావరకు తేలుతుంది.

రాయి పగలడం గురించి ముందు చెబుతాను, అది సులువు. శిలాద్రవం, అంటే మాగ్మా, దారి చేసుకుని వస్తుంటే చుట్టూ ఉన్న గట్టి రాయి ఆ ఒత్తిడికి పగులుతుంది. అప్పుడు వచ్చే రికార్డు మామూలు భూకంపం రికార్డులాగే ఉంటుంది. ఆరంభం పదునుగా ఉంటుంది, ముందు వేగంగా ప్రయాణించే పి తరంగం, కాస్త ఆగి నెమ్మదైన ఎస్ తరంగం వస్తాయి, ఆపైన త్వరగా సద్దుమణుగుతుంది. పౌనఃపున్యం సాధారణంగా 5 హెర్ట్జ్‌లకు పైన ఉంటుంది. రెండు తరంగాల మధ్య ఉన్న సెకన్లను 8తో హెచ్చిస్తే దూరం ఉజ్జాయింపుగా కిలోమీటర్లలో వస్తుంది. పరికరాలు పెట్టిన నాలుగైదు కేంద్రాల రికార్డులు కలిపి చూస్తే ఎక్కడ, ఎంత లోతున పగిలిందో దొరుకుతుంది. ఇలాంటి వేల చుక్కలను రోజువారీగా పటం మీద పెడితే మాగ్మా ప్రయాణం కళ్లకు కడుతుంది. ఐస్‌లాండ్‌లో 2014 ఆగస్టు 16న బార్దార్‌బుంగా అగ్నిపర్వతం కింద ఈ చుక్కలు మొదలై, రెండు వారాల్లో సుమారు 45 కిలోమీటర్లు పక్కకు జరుగుతూ పోయాయి. నెలాఖరున లావా బయటికి వచ్చింది ఆ వరుస కొస దగ్గరే. మాగ్మా నిట్టనిలువుగా మాత్రమే పైకి వస్తుందని పుస్తకంలో బొమ్మ చూసి అనుకునేవారికి ఆ పటం తప్పక చూపించాలి.

ద్రవం సంగతి వేరు. ఇక్కడ రికార్డు ఆరంభం మసకగా ఉంటుంది, ఎస్ తరంగం ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనబడదు. గీత ఒకే తాళంలో ఊగుతూ మెల్లగా సన్నబడుతుంది. పౌనఃపున్యం 0.5 నుంచి 5 హెర్ట్జ్‌ల మధ్య ఉంటుంది. వీటిని దీర్ఘకాలిక ప్రకంపనలు అంటాము, అంటే ఒక్కో ఊపుకు ఎక్కువ సమయం పట్టేవి. ఆవిరి, వాయువులు, మాగ్మా నిండిన పగుళ్లలో ఒత్తిడి ఉన్నట్టుండి మారితే ఆ పగులే మోగుతుంది. వేసవిలో కుళాయికి నీళ్లు వచ్చే ముందు గాలి తోసుకువచ్చి పైపు గుడగుడమంటూ వణకడం మీరు వినే ఉంటారు. కంటికి కనబడని పైపులో ఏముందో ఆ చప్పుడే చెబుతుంది. ఈ పద్ధతికి గట్టి గణిత పునాది వేసినవారిలో ముఖ్యుడు బెర్నార్డ్ షూయే. అలాస్కాలోని రిడౌట్ అగ్నిపర్వతం 1989 డిసెంబరులో ఈ తరహా ప్రకంపనలు ముమ్మరమయ్యాకే పేలింది. మళ్లీ అవే పెరగడం చూసి హెచ్చరిక ఇచ్చారు. దగ్గరలోని చమురు నిల్వ కేంద్రం నుంచి మనుషులను తరలించారు. 1990 జనవరి 2న కొండ మళ్లీ పేలింది.

కొలంబియాలోని గలేరాస్ అగ్నిపర్వతం రికార్డులు చూసినప్పుడు నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అక్కడ 1993 జనవరికి ముందు ప్రకంపనలు చాలా కొద్దిగా ఉన్నాయి, కొండ ప్రశాంతంగా కనిపించింది. ఆ కొద్దిలోనే మరమేకు ఆకారంలో, మొదట్లో వెడల్పుగా మొదలై చాలాసేపు సన్నబడుతూ పోయే గీతలు కొన్ని ఉన్నాయి. లోపల వాయువు బిగుసుకుపోయి ఉందనడానికి అవి గుర్తు. ఆ సంగతి బాగా అర్థమైంది తర్వాతే. జనవరి 14న కొండ పేలి, దాని నోటి బిలంలోకి దిగిన ఆరుగురు శాస్త్రవేత్తలు, అక్కడికి వచ్చిన మరో ముగ్గురు చనిపోయారు. ప్రకంపనల సంఖ్యను మాత్రమే లెక్కపెట్టి ఊరుకోకూడదని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

ఈ విద్య ఎంత మేలు చేయగలదో చెప్పడానికి ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం చాలు. దానికి ముందు జరిగిన ఘోరం కూడా చెప్పాలి. 1985 నవంబరు 13 రాత్రి కొలంబియాలో నెవాడో దెల్ రూయిజ్ అగ్నిపర్వతం పేలితే బురద ప్రవాహం ఆర్మెరో పట్టణాన్ని ముంచేసింది, సుమారు 23 వేల మంది చనిపోయారు. ఆ తర్వాతే అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఏ దేశానికైనా పరికరాలు పట్టుకుని వెళ్లగలిగే బృందాన్ని తయారుచేసింది. ఫిలిప్పీన్స్‌లో పినటుబో 1991 ఏప్రిల్‌లో కదలగానే ఆ బృందం అక్కడి శాస్త్రవేత్తలతో కలిసి కొండ చుట్టూ సైస్మోమీటర్లు, అంటే నేల ప్రకంపనలను నమోదు చేసే పరికరాలు, పెట్టింది. జూన్ మొదట్లో ప్రకంపనలు కొండ కిందికి చేరాయి. ఇంకా లోతున, 30 కిలోమీటర్ల ప్రాంతంలో, దీర్ఘకాలిక ప్రకంపనలు కూడా వచ్చాయి. అంటే అడుగు నుంచి కొత్త మాగ్మా వస్తోంది. జూన్ 15న అసలు విస్ఫోటనం జరిగేనాటికి వేలాది కుటుంబాలు ఊళ్లు ఖాళీ చేశాయి. కనీసం 5 వేల ప్రాణాలు దక్కాయని అంచనా.

అన్నిసార్లూ ఇలా జరగదు. జపాన్‌లోని ఆన్‌టాకే కొండ 2014 సెప్టెంబరు 27న పేలినప్పుడు ఎడతెగని ప్రకంపన మొదలైంది కేవలం 11 నిమిషాల ముందు. శిఖరం మీద ఉన్న యాత్రికులలో 63 మంది చనిపోయారు, వారిలో కొందరి ఆచూకీ నేటికీ లేదు. అక్కడ కొత్త మాగ్మా రాలేదు, వేడెక్కిన నీరు ఆవిరై పేలింది. అలాంటివి కొద్దిపాటి సూచనతోనే వస్తాయి. ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన సందర్భం కరీబియన్ సముద్రంలోని గ్వాడెలూప్ ద్వీపం. 1976లో అక్కడ 70 వేల మందికి పైగా జనాన్ని నెలల తరబడి తరలించారు, వస్తుందని అందరూ భయపడ్డ మాగ్మా విస్ఫోటనం మాత్రం రాలేదు. ఈ రెండింటి మధ్య నిలబడి నిర్ణయం చెప్పడం ఎంత బరువైన పనో ఈ రంగంలోకి వచ్చేవారు మొదటే తెలుసుకోవాలి.

ఇక విశాఖ సంగతి. ఇక్కడ ఉన్న ఒక అనుభవం సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో చదివేవారికి అంత తేలికగా దొరకదు. సింహాచలం కొండల వెనుక ఒక తోటలో మేము బ్రాడ్‌బ్యాండ్ సైస్మోమీటరు, అంటే మెల్లని ఊపులనూ వేగమైన ఊపులనూ పట్టే పరికరం, పెట్టాము. మోకాలి లోతు గొయ్యి తవ్వి, అడుగున సిమెంటు పోసి, దాని మీద నున్నటి రాతి పలక పరిచాము. పరికరం మూడు కాళ్ల మరలు తిప్పుతూ గాలిబుడగ సరిగ్గా వలయం మధ్యకు వచ్చేదాకా సరిచేయాలి, పైన ఉన్న గుర్తును దిక్సూచి చూసి ఉత్తరానికి తిప్పాలి. ఎండ తగిలితే గీత పక్కకు జరిగిపోతుంది కాబట్టి థర్మకోల్ పెట్టి, పైన మట్టి బస్తాలు వేశాము. తెర మీద మోటారు పంపు, లారీలు, మనుషుల నడక అన్నీ పళ్ల వరుసలా కనిపించాయి. వాటిని వడకట్టి తీసేశాక కింద మెల్లగా, నున్నగా, ఐదారు సెకన్లకు ఒకసారి లేచి దిగే ఊపు ఒకటి మిగిలింది. రాత్రీ పగలూ ఆగదు. కొండ అవతల ఉన్న బంగాళాఖాతం అది. అలలు సముద్రపు అడుగును నొక్కే ఒత్తిడి నేలలో పాకి వస్తుంది. వాయుగుండం పడితే ఆ ఊపు ఇంతకింతై చిన్న భూకంపాలను మింగేస్తుంది. అందరం దాన్ని రొద అనే పిలుస్తాము, వడకట్టి పారేయడమే మొదట నేర్పుతారు.

ఆ రొదే అగ్నిపర్వతాల అధ్యయనంలో గొప్ప సాధనమైంది. హిందూ మహాసముద్రంలోనే ఉన్న రీయూనియన్ ద్వీపంలో పితోన్ ద లా ఫుర్నేజ్ అనే అగ్నిపర్వతం ఉంది. రెండు కేంద్రాలలో రోజంతా నమోదైన సముద్రపు రొదను ఒకదానితో ఒకటి పోల్చితే, తరంగం ఒక చోటి నుంచి రెండో చోటికి ఎంత వేగంతో వెళ్తుందో రాబట్టవచ్చు. భూకంపం రావాల్సిన అవసరమే లేదు. రోజూ ఇలా కొలిస్తే, విస్ఫోటనాలకు ముందు ఆ కొండలో వేగం సుమారు 0.1 శాతం తగ్గుతోందని 2008లో వెలువడిన పరిశోధన చూపించింది. మాగ్మా నిండి కొండ ఉబ్బితే పగుళ్లు తెరుచుకుంటాయి, తరంగం నెమ్మదిస్తుంది. వెయ్యిలో ఒక వంతు మార్పును అలల చప్పుడులోంచి పట్టుకోవడం నాకు ఈ శాస్త్రం మొత్తంలో అత్యంత ఇష్టమైన సంగతి. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మీకు ఇంతకన్నా దగ్గరి అంశం ఏముంటుంది?

దగ్గరి, దూరపు భూకంపాల తరంగాలు కొండ కిందుగా వెళ్లేటప్పుడు ఎక్కడ నెమ్మదించాయో చూసి లోపలి చిత్రం గీసే పద్ధతి కూడా ఉంది, టోమోగ్రఫీ అంటారు. అమెరికాలోని ఎల్లోస్టోన్ కింద మాగ్మా ఉన్న రెండు అరలను అలాగే గుర్తించారు. వాటిలో ఎక్కువ భాగం ఘన శిలే, కరిగినది కొద్ది భాగం. భూమి కింద లావా చెరువులు ఉంటాయన్న ఊహ అక్కడ నిలవదు.

మన దగ్గర అగ్నిపర్వతం లేదన్న మాట నిజమే. డాల్ఫిన్స్ నోస్ గానీ కైలాసగిరి గానీ అగ్నిపర్వతాలు కావు, అవి తూర్పు కనుమల పాత రూపాంతర శిలలు. అయితే భారతదేశంలోని ఏకైక క్రియాశీల అగ్నిపర్వతం బారెన్ ద్వీపం మనకు ఎదురుగా, బంగాళాఖాతం అవతల, అండమాన్ సముద్రంలో ఉంది. పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే ఇప్పటి శ్రీ విజయపురానికి, ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్లు. ఒకటిన్నర శతాబ్దానికి పైగా నిద్ర తర్వాత 1991లో లేచింది, సుమత్రా మహాభూకంపం వచ్చిన కొన్ని నెలలకే 2005లో మళ్లీ లేచింది. అదే 2005 జనవరి చివర్లో నికోబార్ దగ్గర సముద్రం కింద భూకంపాలు తెరలు తెరలుగా వచ్చాయి. అవి భూఫలకాల కదలికా, మాగ్మా కదలికా అన్నది వాదనల్లో నలిగిన ప్రశ్న. పీజీలో ప్రాజెక్టుకు అంశం వెతుకుతున్న రోజు వస్తే దీన్ని గుర్తు పెట్టుకోండి.

ఇంట్లో వారి బెంగ ఉద్యోగం గురించే అయి ఉంటుంది. తరంగాలను చదవడం వచ్చినవారికి హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్, చమురు అన్వేషణ సంస్థలు అన్నింటిలోనూ పని ఉంటుంది. సూత్రాలు ఒకటే, చూసే చోటు వేరు. ఈ మాట మీ నాన్నగారికి నిశ్చింతగా చెప్పండి.

పీజీ దాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. ఫూరియర్ విశ్లేషణ, తరంగ సమీకరణం గట్టిగా చదవండి, పైథాన్ నేర్చుకోండి. ఆబ్స్‌పై అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ప్రపంచంలోని చాలా అగ్నిపర్వతాల రికార్డులను డబ్బు కట్టకుండా దింపుకోవచ్చు. మొదటి పాఠంగా రిడౌట్ 2009 మార్చి చివరి వారం తీసుకోండి, రికార్డు వెతకడానికి నెట్‌వర్క్ సంకేతం ఏవీ (AV), కేంద్రం సంకేతం ఆర్‌ఈఎఫ్ (REF). స్పెక్ట్రోగ్రామ్, అంటే సమయంతో పాటు పౌనఃపున్యం ఎలా మారిందో చూపే పటం, గీయండి. కొన్ని పేలుళ్లకు ముందు చిన్న ప్రకంపనలు ఒకదాని వెంట ఒకటి వస్తూ, వ్యవధి తగ్గుతూ తగ్గుతూ చివరకు ఒకే స్వరంగా కలిసిపోతాయి. ఆ స్వరం 30 హెర్ట్జ్‌ల దాకా పైకి పాకుతుంది, కాసేపు అంతా ఆగిపోతుంది, తర్వాత కొండ పేలుతుంది. అరవై రెట్లు వేగం పెంచి ఆడియోగా మార్చుకుని హెడ్‌ఫోన్‌లో వినండి, గీత చూసినప్పుడు తట్టనివి చెవికి తడతాయి. అన్ని పేలుళ్లకు ముందూ ఇది కనిపించదు కాబట్టి వేరువేరు గంటలు తీసి చూడాలి. సమయాలు గ్రీనిచ్ లెక్కలో ఉంటాయి, అలాస్కా సమయంతో కలిపేసుకోకండి. మీకు దొరికిన గంట ఏదో ఇక్కడే రాయండి, నేను కూడా తెరిచి చూసి మీరు గుర్తించినవి సరిపోయాయో లేదో చెబుతాను.