కుస్తీలో విలువలు కావాలంటే ముందు కాటా సరిచూడండి

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. కుస్తీ నేర్చుకుంటానని పట్టుబడుతోంది. వార్తలు చూస్తే నాకు భయంగా ఉంది. కుస్తీలో, ఆ మాటకొస్తే మొత్తం క్రీడారంగంలో ప్రొఫెషనలిజం, విలువలు అనేవి ఇంకా మిగిలి ఉన్నాయా?

జవాబు:

మిగిలి ఉన్నాయండి. కాకపోతే అందరూ వాటిని గోదాలో వెతుకుతారు, నేను కాటా దగ్గర వెతుకుతాను.

నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. పతకాలు తెచ్చిన పైల్వానును కాను. స్కూలు పోటీల్లో బల్ల ముందు కూర్చుని బరువులు రాసుకోవడం, డ్రా వేయడం, స్కోరు షీట్లు నింపడం నా పని. అక్కడ కూర్చుని చూసినవాడికి ఒక సంగతి బాగా తెలుస్తుంది. ఈ దేశంలో ఆటగాళ్లకు విలువలు బోధించేవాళ్లకు కొదవ లేదు. బోధన అవసరమైన వాళ్లేమో మైకు పట్టుకుని ఉంటారు. ప్రారంభోత్సవానికి పది గంటలకు వస్తానన్న ముఖ్య అతిథి పన్నెండున్నరకు వస్తాడు. అంతసేపూ పిల్లలు ఎండలో వరుసలు కట్టి నిలబడతారు. ఆయన దిగగానే శాలువా, దండ, ఫొటో. ఆ తర్వాత క్రమశిక్షణ మీద ఇరవై నిమిషాల ప్రసంగం! సమయపాలన గొప్పతనం కూడా అందులోనే వస్తుంది. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు, పోటీలకు వెళ్లిన ఏ పీఈటీని అడిగినా చెబుతాడు.

సరే, కాటా సంగతి చెబుతాను. జిల్లా పేరు వద్దు.

డిసెంబరు నెల, స్కూలు పిల్లల జిల్లా స్థాయి ఎంపిక పోటీలు. కుస్తీలో ముందు తూకం, ఆ తర్వాతే ఆట. తెల్లవారకముందే పిల్లలు వచ్చేశారు. నిర్వాహకులు ఏర్పాటు చేసిన కాటా ఎవరిదో బియ్యం కొట్టులోది. దాన్ని ఒక పాత గదిలో ఎగుడుదిగుడు షాబాద్ బండల మీద పెట్టారు. ఆడపిల్లల తూకం కదా, లోపల ఒక మేడమ్ కాటా చూసి అంకె చదువుతుంటే గడప ఇవతల నేను రాసుకుంటున్నాను.

49 కిలోల విభాగంలో ఒక అమ్మాయి 49 కిలోల 350 గ్రాములు తూగింది. మామూలు మనుషులకు 350 గ్రాములంటే ఒక గ్లాసుడు మజ్జిగ పైచిలుకు. కుస్తీలో అది ఏడాది కష్టం. గడువులోపు ఎన్నిసార్లయినా కాటా ఎక్కవచ్చు కనుక కోచ్ ఆ పిల్లకు రెండు స్వెటర్లు తొడిగి తాడాట ఆడించాడు. చేతిలో పాలిథిన్ కవరు పెట్టి అందులో ఉమ్మమన్నాడు. అవును, ఉమ్మితే కొన్ని గ్రాములు తగ్గుతాయి, లోకంలో అన్నిచోట్లా పైల్వాన్లు చేసే పనే ఇది. కానీ ఆ పిల్ల ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు, తాగలేదు. ఉమ్మడానికి నోట్లో తడి ఎక్కడిది? కవరు నోటి దగ్గర పెట్టుకుని బుగ్గలు లోపలికి పీల్చుకుంటూ నిలబడింది. కోచ్ నిమ్మకాయ ముక్క తెచ్చి వాసన చూపించాడు. మళ్లీ కాటా ఎక్కితే 49 కిలోల 300. గడువు పది నిమిషాల్లో అయిపోతుంది.

అప్పుడు లేచాడు పక్క ఊరి తాలింఖానాలో, అంటే కుస్తీ నేర్పే చోట, గురువైన ఉస్తాద్. అరవై దాటినవాడు, రెండు చెవులూ నలిగి ముద్దలై ఉంటాయి. అదే విభాగంలో ఆయన శిష్యురాలు కూడా ఉంది, హాయిగా తూగి పాసైపోయింది. ఈ అమ్మాయి తప్పుకుంటే ఆయన పిల్లకు గట్టి పోటీ ఒకటి తగ్గినట్టే. ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, "సార్, ఈ కాటా మీద నాకు నమ్మకం లేదు. తూకపు రాళ్లు తెప్పించండి" అన్నాడు.

నిర్వాహకుడికి చిర్రెత్తింది. "ఉస్తాద్, మీ అమ్మాయి పాసైంది కదా, మీకెందుకీ గొడవ?"

"నా పిల్ల తూగింది కూడా ఈ కాటా మీదే కదా సార్. కాటా తప్పయితే నా పిల్ల పాసు కూడా తప్పే."

నిర్వాహకుడు ఆలస్యమవుతుందన్నాడు, ముఖ్య అతిథి వచ్చే వేళయిందన్నాడు. ఉస్తాద్ గడపకు అడ్డంగా కూర్చున్నాడు. లోపలికి వెళ్లాలంటే ఆయన్ను దాటాలి, అంత ధైర్యం ఎవరికుంది? చివరికి రోడ్డు అవతల కిరాణా కొట్టు తీయించి, ప్రభుత్వ ముద్ర ఉన్న ఇరవై కిలోల రాళ్లు రెండు సైకిలు మీద తెచ్చారు. కాటా మీద పెడితే 40 కిలోల 420 గ్రాములు చూపించింది! కాటాను వరండాలో సిమెంటు గచ్చు మీదికి మార్చి పెడితే 40 కిలోల 20. వరండాకు దుప్పట్లు కట్టించి అందరినీ మళ్లీ తూచాం. ఆ అమ్మాయి 49కి లోపే తూగింది.

సినిమా అయితే ఆ ఇద్దరు అమ్మాయిలూ ఫైనల్లో తలపడేవాళ్లు. ఇక్కడ అలా జరగలేదు. ఒక గురుకుల పాఠశాల నుంచి వచ్చిన మూడో అమ్మాయి ఆ ఇద్దరినీ చిత్తు చేసి వెళ్లిపోయింది. మా తూకం అమ్మాయికి అప్పటికి ఒంట్లో ఓపిక లేదు. రెండు అరటిపండ్లు తిని బరిలోకి దిగింది, మొదటి నిమిషంలోనే కాళ్లు వణికాయి.

ఉస్తాద్‌ను దేవుణ్ని చేయకండి. తన కుర్రాళ్ల జనన ధ్రువపత్రాల్లో ఏడాదో రెండేళ్లో తగ్గించి రాయించేవాడని జిల్లా అంతటికీ తెలుసు. ఒకసారి మొహం మీదే అడిగాను. "అందరూ తగ్గిస్తారు సార్. మేం తగ్గించకపోతే పద్నాలుగేళ్ల మా పిల్లవాణ్ని పదిహేడేళ్లవాడి మీదికి వదిలినట్టవుతుంది" అన్నాడు ఏమాత్రం తడుముకోకుండా. కాటా విషయంలో ప్రాణం పెట్టిన మనిషే కాగితం విషయంలో ఇలా. విలువలున్నవాడు అన్నింట్లోనూ ఉన్నవాడే అయి ఉంటాడని మనం అనుకుంటాం. నేనైతే అలాంటి మనిషిని ఇంతవరకు చూడలేదు. ఈ వయసు దొంగతనం ఊళ్లకే పరిమితం కాదు. 2025లో నకిలీ జనన ధ్రువపత్రాలు పెట్టారని జాతీయ కుస్తీ సమాఖ్యే కొందరు పైల్వాన్లను సస్పెండ్ చేసింది.

ఇక మీకు భయం పుట్టించిన వార్తలు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్ మొదటి రోజు మూడు కుస్తీలు గెలిచింది. అందులో మొదటిది అంతర్జాతీయ పోటీల్లో అప్పటిదాకా ఓటమి ఎరగని జపాన్ అమ్మాయి యుయి సుసాకి మీద. ఫైనల్ రోజు పొద్దున మళ్లీ తూచితే, తన విభాగం 50 కిలోల మీద వంద గ్రాములు ఎక్కువ తూగింది. రాత్రంతా కసరత్తు చేయించారు, జుట్టు కూడా కత్తిరించారు, ఆ వంద గ్రాములు దిగలేదు. నిబంధన ప్రకారం అందరికంటే చివరి స్థానంలో వేశారు. మా కాలనీలో అందరూ కుట్ర అన్నారు. నేను కాదన్నాను, దాంతో ఇద్దరు నాతో మాటలు మానేశారు. నిబంధన అంటే నిబంధనే. వంద గ్రాములు వదిలేస్తే రేపు ఇంకొకరు నూట యాభైకి దండం పెడతారు.

కానీ అదే ఒలింపిక్స్‌లో మన కుర్రాడు అమన్ సెహ్రావత్ సెమీఫైనల్ ఓడాక, మర్నాటి తూకం కోసం పది గంటల్లో 4.6 కిలోలు తగ్గి, మర్నాడు కాంస్యం గెలిచాడు. మన పత్రికలు దాన్ని వీరగాథలా రాశాయి. నాకు ఒళ్లు మండింది. ఒక కుర్రాడి ఒంట్లో నీరంతా రాత్రికి రాత్రి పిండేయడం వీరత్వం ఎలా అవుతుంది? ఏడాది తిరిగాక జాగ్రెబ్ ప్రపంచ పోటీల్లో అదే అమన్ 1.7 కిలోలు ఎక్కువ తూగితే సమాఖ్య ఏడాది నిషేధం వేసింది, కొద్ది వారాలకే ఎత్తేసింది. తగ్గితే హీరో, తగ్గకపోతే దోషి. పద్ధతిని మాత్రం ఎవరూ ప్రశ్నించరు.

అమెరికాలో ప్రశ్నించారు, ముగ్గురు పోయాక. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో కాస్త అటూ ఇటూగా నెల రోజుల వ్యవధిలో ముగ్గురు కళాశాల కుస్తీ కుర్రాళ్లు బరువు తగ్గించుకుంటూ చనిపోయారు. దాంతో చెమట పట్టించే రబ్బరు సూట్లు, ఆవిరి గదులు నిషేధించారు. తూకాన్ని ఆటకు దగ్గరగా జరిపారు. సీజన్ మొదట్లోనే ఒంట్లో నీరు, కొవ్వు కొలిచి ఎవరు ఎంతకంటే తగ్గకూడదో నిర్ణయించడం మొదలుపెట్టారు. నా దృష్టిలో ప్రొఫెషనలిజం అంటే అదే. మన స్కూలు పోటీల్లో అంత కొలత ఎవరు పెడతారు? ఉన్న కాటా సరిగ్గా చూపిస్తే చాలు, నేను సంతోషిస్తాను.

పైన కూర్చున్నవాళ్లు పని సరిగ్గా చేయకపోతే ఏమవుతుందో ప్రపంచ కుస్తీకి 2013లో తెలిసొచ్చింది. 1896 నుంచి, 1900 ఒక్కటి మినహా, ప్రతి ఒలింపిక్స్‌లోనూ ఉన్న ఆటను 2020 నుంచి తీసేద్దామని ఒలింపిక్ కమిటీ కార్యనిర్వాహక మండలి సిఫారసు చేసింది. పైల్వాన్లలో దమ్ము తగ్గి కాదు. నిబంధనలు చూసేవాడికి అర్థం కావు, నడిపేవాళ్లు ఎవరి మాటా వినరు. ఆ రోజుల్లో రెండు నిమిషాల పీరియడ్ సున్నా సున్నాతో ముగిస్తే, సంచిలోంచి రంగు బంతి తీసి, ఎవరి రంగు వస్తే వాళ్లకు ఎదుటివాడి కాలు పట్టుకునే అవకాశం ఇచ్చేవారు! లాటరీ అన్నమాట. అంతర్జాతీయ సమాఖ్య అధ్యక్షుడు దిగిపోయాడు, నిబంధనలు మార్చారు, మహిళలకు పాలనలో చోటిచ్చారు. ఆ మే నెలలో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్లో మ్యాట్ వేసి అమెరికా, ఇరాన్ పైల్వాన్లు కుస్తీ పట్టారు. దేశాలకు ఒకదానితో ఒకటి పడదు, పైల్వాన్లకు మాత్రం ఆట బతకాలి. సెప్టెంబరులో 49 ఓట్లతో కుస్తీ మళ్లీ లోపలికి వచ్చింది.

మనవాళ్లు దాన్నుంచి ఏం నేర్చుకున్నారు? 2023లో సమాఖ్య ఎన్నికలు సకాలంలో జరపలేదని అంతర్జాతీయ సంస్థ మన సమాఖ్యను సస్పెండ్ చేసింది. ఆ సెప్టెంబరులో బెల్‌గ్రేడ్ ప్రపంచ పోటీల్లో అంతిమ్ పంఘాల్ కాంస్యం గెలిచింది, మన జెండా కింద కాదు. బ్యాలెట్ పెట్టె పెట్టడం చేతకాని పెద్దల వల్ల పందొమ్మిదేళ్ల పిల్లకు తన జెండా దక్కలేదు. అదే ఏడాది జనవరిలో సాక్షి మలిక్, వినేశ్, బజరంగ్ పునియా జంతర్ మంతర్ దగ్గర ఎందుకు కూర్చున్నారో మీకు తెలుసు. లైంగిక వేధింపుల ఆరోపణలు చేసి, న్యాయం కోసం రోడ్డెక్కిన ఆటగాళ్లకు క్రమశిక్షణ లేదని చెప్పినవాళ్లను టీవీలో చూశాను. ఆ రోజు టీవీ కట్టేసి తోటలోకి వెళ్లి మొక్కలకు నీళ్లు పెట్టుకున్నాను, ఇంకేం చేయను?

"క్రీడల్లో విలువలు" అనగానే మన తెలుగువాళ్లు పుల్లెల గోపీచంద్ శీతల పానీయం ప్రకటన వద్దన్న సంగతి చెబుతారు. మంచిదే. నాకు మాత్రం ఆయన ఇల్లు తాకట్టు పెట్టి అకాడమీ కట్టి, తెల్లవారుజామునే బ్యాడ్మింటన్ కోర్టు దగ్గర నిలబడటం అంతకంటే పెద్దదిగా కనిపిస్తుంది. వద్దనడం ఒక్కరోజు పని. రోజూ నిద్ర లేవడం అలాంటిది కాదు.

మీ అమ్మాయిని తప్పకుండా చేర్చండి. చేర్చే ముందు ఆ కోచింగ్ కేంద్రానికి చెప్పకుండా ఒక సాయంత్రం వెళ్లండి. మహిళా కోచ్ ఉందో లేదో, తల్లులను కూర్చుని చూడనిస్తారో లేదో గమనించండి. వద్దంటే వెనక్కి వచ్చేయండి, కారణం కూడా అడగక్కర్లేదు. కోచ్‌ను రెండే అడగండి: మా పిల్లను ఏ బరువులో ఆడిస్తారు, ఎందుకు? ఉన్న బరువులోనే ఆడిస్తానంటే మంచి కోచ్. "ఒక నాలుగు కిలోలు దించితే పతకం ఖాయం" అంటే నమస్కారం పెట్టండి. వయసు గురించి మాత్రం మీరే ముందు చెప్పేయండి, ధ్రువపత్రంలో ఉన్నదే అసలు వయసు, మార్చేది లేదని. ఆ మాటకు ఆయన మొహం ఎలా పెడతాడో చూశాక ఫీజు సంగతి మాట్లాడుకోవచ్చు.