కథలు చెప్పే గొంతు బొంగురుపోయింది... వీడియోలు ఆపేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 29. గృహిణిని. మూడేళ్లుగా ఖాళీ సమయంలో పిల్లల కథలు చెబుతూ యూట్యూబ్‌లో వీడియోలు పెడుతున్నాను. రాక్షసుడు, ముసలమ్మ, చిలుక, ఇలా ఒక్కో పాత్రకు ఒక్కో గొంతు పెడతాను. ఆరు వారాలుగా గొంతు బొంగురుగా ఉంది. సాయంత్రానికి మాట పూర్తిగా పోతోంది. నొప్పి, జ్వరం లేవు. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ వాడాను, మిరియాల కషాయం తాగాను. తగ్గలేదు. పిల్లలు నిద్రపోయాక రాత్రి 11 గంటలకు, ఫ్యాను ఆపి, చిన్న గొంతుతో రికార్డు చేసుకుంటాను. ఆ తర్వాతే భోజనం. వారానికి ఐదు వీడియోలు పెట్టకపోతే వ్యూస్ పడిపోతాయి. నా గొంతు మళ్లీ వస్తుందా? ఏఐ గొంతు వాడమంటున్నారు, అదే మేలంటారా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ముందుగా ఒక మాట. వారానికి ఐదు కథలు చెప్పేవారికి అది ఖాళీ సమయపు పని కాదు, ఉద్యోగమే. ఇది మెచ్చుకోలు కోసం అనడం లేదు. ఓపీలో వృత్తి అడిగినప్పుడు ‘గృహిణి’ అని ఊరుకుంటే డాక్టరు ఒక రకంగా ఆలోచిస్తారు, ‘రోజూ గంటల తరబడి గొంతు మార్చి మాట్లాడతాను’ అంటే మరో రకంగా ఆలోచిస్తారు. ఉపాధ్యాయులను, గాయకులను, న్యాయవాదులను మేము గొంతుతో బతికేవారిగా చూస్తాం. మీరూ ఆ వరుసలోనివారే. పైగా బడిలో గంట కొడితే పాఠం ఆగుతుంది. మీకు గంట కొట్టేవారు లేరు. పది నిమిషాల వీడియో వెనుక ఎన్నిసార్లు తప్పి మళ్లీ చెప్పారో, నిజానికి ఎంతసేపు మాట్లాడారో ఒకసారి లెక్క వేసుకోండి.

మామూలుగా మాట్లాడేటప్పుడు స్త్రీల స్వరతంతువులు (గొంతులో కంపించి మాట పుట్టించే మడతలు) సెకనుకు సుమారు 200 సార్లు ఒకదానికొకటి తాకుతాయి. గొంతు బిగించి మాట్లాడితే ఆ తాకిడి బలంగా ఉంటుంది. అది రోజూ జరిగితే, గునపం పట్టిన చేతులకు కాయలు కాసినట్టు, తంతువుల అంచుల్లో చిన్న బొడిపెలు వస్తాయి. వీటిని నాడ్యూల్స్ అంటాం. సాయంత్రానికి మాట పోవడం, నొప్పి లేకపోవడం చూస్తే నాకు మొదట వచ్చే అనుమానం అదే. అయితే ఉత్తరం చదివి నిర్ధారించలేను. పాలిప్ (తంతువు మీద పెరిగే మెత్తని కండ), థైరాయిడ్ లోపం, కడుపులోని ఆమ్లం గొంతులోకి ఎగదన్నడం, అరుదుగా అంతకన్నా తీవ్రమైనవి కూడా బొంగురుతోనే మొదలవుతాయి.

అందుకే నాలుగు వారాలు దాటిన బొంగురును ఈఎన్‌టీ నిపుణులు కెమెరాతో చూడాలి. మీకు ఆరు వారాలైంది, ఇక ఆగకండి. సన్నని గొట్టం ముక్కులోంచి గానీ నోట్లోంచి గానీ పంపి చూస్తారు. కొన్ని నిమిషాల పని, ఆసుపత్రిలో చేరనక్కరలేదు. ఊపిరి తీసుకోవడం కష్టమైనా, మింగుడు పడకపోయినా, రక్తం పడినా, మెడలో గడ్డ తగిలినా ఆ రోజే వెళ్లండి. యాంటీబయాటిక్ మాత్రం మళ్లీ కొనకండి. బొడిపెల మీద అది పనిచేయదు.

నాడ్యూల్స్ అయితే భయం వద్దు. చాలామందికి ఆపరేషన్ లేకుండానే, స్పీచ్ థెరపిస్టు దగ్గర కొన్ని వారాల స్వర చికిత్సతో తగ్గుతాయి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో ఈఎన్‌టీ విభాగం ఉంటుంది. స్వర చికిత్సకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం గానీ, మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ గానీ మంచి చోట్లు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది ఆ ‘చిన్న గొంతు’. గుసగుసలాడితే గొంతుకు విశ్రాంతి అని చాలామంది నమ్ముతారు. బిగబట్టి గుసగుసలాడటం కొందరిలో అరుపు కన్నా ఎక్కువ శ్రమ పెడుతుంది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు పగలు, పిల్లలు బడికి వెళ్లాక రికార్డు చేయండి. మైకును నోటికి దగ్గరగా పెట్టుకుంటే మామూలు గొంతు సరిపోతుంది. రాక్షసుడిని ఎడిటింగ్‌కు వదిలేయండి. గొంతును లావు చేసే సదుపాయం చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది, పిల్లలు తేడా పట్టరు. (పట్టినా నవ్వుతారు, నష్టం లేదు.) ఆమ్లం గొంతులోకి ఎగదన్నకుండా రాత్రి భోజనానికీ పడకకూ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. గొంతు సవరించుకోవాలనిపిస్తే ఓ గుక్క నీళ్లు మింగండి. కషాయం తాగితే తాగండి, అయితే అది స్వరతంతువులను తాకదు. వాటికి తడి అందేది రోజంతా తాగే నీళ్ల వల్ల. పిప్పరమెంటు బిళ్లలు ఎక్కువైతే గొంతు మరింత ఆరిపోతుంది.

పరీక్ష అయ్యేవరకు కొత్త కథలు ఆపండి. ఇంట్లో అవసరమైన మేరకు మెల్లగా (గుసగుసగా కాదు) మాట్లాడవచ్చు, మౌనవ్రతం అక్కరలేదు. వ్యూస్ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. ఈలోగా పాత కథలు మళ్లీ పెట్టవచ్చు, ఇంట్లో మరొకరితో చదివించవచ్చు. ఏఐ గొంతు వాడాలా వద్దా అన్నది వైద్యం తేల్చే విషయం కాదు. కొన్ని వారాల ఆసరాగా అయితే నాకు అభ్యంతరం లేదు. చికిత్స మానేయడానికి దాన్ని సాకు చేసుకోకండి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఏడాది కిందటి వీడియో ఒకటి, ఈ వారం మాట్లాడినది ఒకటి ఫోనులో సిద్ధంగా ఉంచుకోండి. బొంగురుతో వచ్చేవారిలో చాలామంది దగ్గర ముందు గొంతు ఎలా ఉండేదో చెప్పే ఆధారం ఉండదు. మీ దగ్గర మూడేళ్లది ఉంది. రెండూ వినిపిస్తే డాక్టరుకూ థెరపిస్టుకూ పని సులువవుతుంది.