అల్లుడికి, బోటు రంగు గురించి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఈసారి వేట నిషేధంలో ఫైబర్ బోటుకు నువ్వే రంగు వేయబోతున్నావని అక్క ఫోనులో చెప్పింది. మన ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఆ పనికి చేయి పెట్టలేదు. సంతోషించాను, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులున్నాయని ధీమాగా ఉండకు.

గుల్లలు గీకడం, పగుళ్లకు ఎపాక్సీ పుట్టీ పెట్టడం, ఎమరీ పేపరుతో రుద్దడం నీకు తెలిసినవే. రిజిస్ట్రేషన్ నంబరు చెరిగిపోయే ముందు ఫోటో తీసి పెట్టుకో.

నా భయమంతా కడగడం దగ్గరే. ఒక ఏడాది మీ నాన్న, నిషేధం ముగుస్తోందన్న తొందరలో, మంచినీళ్ల ట్యాంకరు రాలేదని హార్బరు నీళ్లతోనే బోటు కడిగించాడు. వద్దు బావా అన్నాను. "ఆరిపోయాక ఏ నీళ్లైతే ఏమిటి?" అన్నాడు. ఆరింది, నిజమే. నీళ్లు పోయాయి, ఉప్పు ఉండిపోయింది. దాని మీదే ప్రైమర్ అనే అడుగు పూత, ఆపైన రంగు. బోటు నిగనిగలాడింది, వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. సముద్రంలో దిగిన కొన్ని వారాలకే నీటిమట్టం కింద శనగ గింజలంత పొక్కులు లేచాయి. గోటితో నొక్కితే నీళ్లు చిమ్మాయి. ఆరాక అంచున తెల్లటి పొడి మిగిలింది. పొర కింద చిక్కిన ఉప్పు బయటి నీటిని లోపలికి లాగింది. మళ్లీ అంతా గీకేసరికి మంచి వేట రోజులు పోయాయి, అక్క సరుకులు అప్పు తెచ్చింది. ఇది నేను రాశానని మీ నాన్నతో అనకు.

అందుకే రుద్దే ముందొకసారి, రుద్దాక ఒకసారి మంచినీళ్లతో కడుగు. ట్యాంకరు డబ్బులు నేనిస్తాను. రాత్రి ఒక పాలిథిన్ ముక్కను బోటు మీద నాలుగు వైపులా టేపుతో అంటించు, పొద్దున లోపల చెమ్మ కనిపిస్తే ఇంకా ఆగు. విశాఖ గాలిలో తడి ఎప్పుడూ ఉంటుంది. సాయంత్రం రంగు వేస్తే మీద చెమ్మ దిగి మెరుపు పోతుంది, మిట్టమధ్యాహ్నం వేస్తే రోలర్ గీతలు మిగులుతాయి. రంగు గట్టిపడడానికి కలిపే హార్డెనర్ డబ్బా మీది కొలతకు మించి పోయకు.

అడుగున ఉన్నది గుల్ల పట్టకుండా వేసిన పాత రంగు, అందులో రాగి ఉంటుంది. పొడిగా రుద్దకు, తడిపి రుద్దు. ముఖానికి తువ్వాలు చాలదురా, మొండితనం చేయకు. థిన్నర్ దగ్గర బీడీ వెలిగించేవాడు ఎంత పెద్దవాడైనా తరిమేయి. 2023 నవంబరులో హార్బరులో బోట్లు తగలబడిన రాత్రి నుంచి అలాంటి చోట నిప్పు చూస్తే నా గుండె దడదడలాడుతుంది.

రుద్దడం మొదలుపెట్టే రోజు మాస్కు పెట్టుకున్న ఫోటో పంపు. పంపకపోతే మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వచ్చేస్తాను.

మీ మామయ్య