రోజూ ముఖాలు గీస్తే చెయ్యి తిరుగుతుందా?

"ఆరు నెలలుగా రోజూ ఒక ముఖం గీస్తున్నాను. కళ్లూ ముక్కూ బాగానే వస్తున్నాయి కానీ పోలిక కుదరడం లేదు. రోజుకెన్ని గీస్తే చెయ్యి తిరుగుతుంది?" అని అడిగారు. నేను రెండేళ్ల పాటు ఇదే పని చేసి ఇక్కడే ఇరుక్కున్నాను కాబట్టి జవాబిచ్చే అర్హత నాకుందనే అనుకుంటున్నా.

రోజూ గీస్తే చెయ్యి తప్పకుండా తిరుగుతుంది. ఎటు తిరుగుతుందనేదే అసలు సంగతి. రోజూ ఒకే తప్పు చేస్తే ఆ తప్పు చేయడంలో చెయ్యి తిరుగుతుంది. నా విషయంలో జరిగింది అదే.

అప్పట్లో నాది రోజుకో కొత్త ముఖం. ఫోన్‌లో ఏ ఫోటో నచ్చితే అది. పేజీ నిండగానే కింద తేదీ వేసి తిప్పేయడమే, మళ్లీ వెనక్కి చూసింది లేదు. రెండేళ్లలో నాలుగు స్కెచ్‌బుక్కులు నిండాయి. కళ్లయితే బ్రహ్మాండంగా వచ్చేవి, రెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. ఆ ధీమాతో నాన్న బొమ్మ మొదలుపెట్టాను. ఫోటో ముందు పెట్టుకుని మూడు సాయంత్రాలు కూర్చున్నా. నాన్నది ఒత్తయిన మీసం. నిమిషానికోసారి 2బి పెన్సిల్ చెక్కుకుంటూ ఒక్కో వెంట్రుకా విడిగా కనిపించేలా గీశాను. మూడో సాయంత్రం మొత్తం ఆ మీసానికే సరిపోయింది.

తీసుకెళ్లి నాన్న చేతిలో పెట్టాను. కళ్లజోడు సర్దుకుని, కాస్త దూరంగా పట్టుకుని చూశారు. "అన్నయ్య భలే కుదిరాడే! ఏ ఫోటో చూసి గీశావు?" అన్నారు. మా పెదనాన్న అనుకున్నారు! వెక్కిరింత కాదు, మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. అంతలో అమ్మ వచ్చి తొంగిచూసి "బావగారే" అని ఖాయం చేసేసింది. నేను కిక్కురుమనలేదు. ఆ బొమ్మ ఇప్పటికీ పెదనాన్న గదిలో గోడకుంది. ఆయనకీ అనుమానం రాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక, బొమ్మ ఎంతుందో అంత సైజుకి ఫోటో ప్రింట్ తీసి, దాని మీద ట్రేసింగ్ పేపర్ పరిచి గీతలు దించాను. ఆ కాగితం తెచ్చి బొమ్మ మీద పెడితే కళ్లు కళ్ల మీద కూర్చున్నాయి. ముక్కూ కూర్చుంది. ముక్కు కింది నుంచి పెదవులు కలిసే గీత దాకా ఉన్న జాగా మాత్రం నా బొమ్మలో రెండు మిల్లీమీటర్లు తక్కువ. మూతి పైకి జరిగేసరికి గడ్డం కూడా దాంతో పాటే జరిగింది. అంతే తప్పు. మా నాన్నకీ పెదనాన్నకీ ఒకే కళ్లు, ఒకే ముక్కు. ఇద్దరికీ ఉన్న తేడా అంతా ఆ మీసం కిందే ఉంది. నేను వెంట్రుకలు గీయడంలో మునిగిపోయి, వాటి వెనక పెదవి ఎక్కడుందో ఒక్కసారి కూడా చూడలేదు.

స్కేలు పట్టుకుని పాత స్కెచ్‌బుక్కులన్నీ తిరగేశాను. ఆడా మగా, ముసలీ ముతకా తేడా లేకుండా అందరికీ ఒకే మూతి తగిలించాను! ముక్కు కింది నుంచి గడ్డం చివరికి ఉన్న దూరంలో మూడో వంతు దగ్గర నోటి గీత వస్తుందని ఎప్పుడో నేర్చుకున్న లెక్క. రెండేళ్లుగా నేను గీసింది ఆ లెక్కనే, ఎదురుగా ఉన్న మనిషిని కాదు.

కొలతలు నేర్చుకోవద్దని చెప్పడం లేదు. బంతిలాంటి గుండ్రం వేసి, రెండు పక్కలా కోసి, కనుబొమల గీతతో మొదలుపెట్టే పద్ధతి, అమెరికన్ చిత్రకారుడు ఆండ్రూ లూమిస్ నేర్పినది, నేనూ వాడతాను. తల పైకెత్తినా పక్కకి వాల్చినా కళ్లూ ముక్కూ దారి తప్పకుండా అది కాపాడుతుంది. పెద్దవాళ్ల తలలో కళ్లు సరిగ్గా సగం ఎత్తులో ఉంటాయన్నదీ ముందే తెలుసుకోవాలి, లేకపోతే నుదురు కురచైపోయి కళ్లు నెత్తికెక్కుతాయి. కానీ ఈ కొలతలన్నీ సగటు మనిషివి. ఆ సగటు మనిషి నాకింతవరకు ఎదురుపడలేదు. ఎదుటి మనిషి ముఖం ఆ కొలత నుంచి ఎక్కడ జరిగిందో అక్కడే పోలిక ఉంటుంది. ఈ ముక్క నేర్పకుండా నెలల తరబడి ఒట్టి కళ్లే గీయించే క్లాసులంటే నాకు ఒళ్లు మంట. నేనూ ఒకదానిలో చేరాను. అక్కడ ముఖం ఎవరిదైనా కన్ను ఒక్కటే.

తర్వాత నలభై రోజులు నాన్నని తప్ప ఎవర్నీ గీయలేదు. ఆయన పేపర్ చదువుతుంటేనో, కుర్చీలో కునుకు తీస్తుంటేనో ఇరవై నిమిషాలు. వెంట్రుకలు గీయకూడదు, షేడింగ్ కూడా దవడ కింద, కంటి గుంటల్లో మాత్రమే. గీయడం అయ్యాక ఇంకో పది నిమిషాలు తప్పు వెతకడానికి. చెయ్యి చాచి పెన్సిల్ నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి దూరాలు కొలిచి, దొరికిన తప్పు పేజీ అంచున రాసేదాన్ని. మర్నాడు బొమ్మ అక్కడి నుంచే మొదలు. ఆ పుస్తకం ఇప్పుడు తెరిస్తే "మూతి మళ్లీ పైకి" అన్న మాట పదకొండు పేజీల్లో ఉంది. పన్నెండోసారికి గానీ చెయ్యి మాట వినలేదు.

ఒకే ముఖం విసుగనిపించదా అంటారేమో. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల వయసులో, 1630 ప్రాంతంలో, అద్దం ముందు కూర్చుని నోరు తెరిచి, కళ్లు పెద్దవి చేసి, మొహం చిట్లించి తన ముఖాన్నే చిన్న చిన్న రాగి రేకుల మీద చెక్కుకున్నాడు. చనిపోయిన 1669లో కూడా తనను తాను గీసుకున్నాడు. ఆయనకి రాని విసుగు మనకెందుకు?

తలకిందుల చిట్కా గురించి కూడా చెప్పాలి, దీన్ని చాలామంది సగమే చెబుతారు. ఫోటో తిరగేసి గీస్తే మెదడు దాన్ని ముఖంగా గుర్తుపట్టడం తగ్గి, గీతలు గీతల్లాగే కనిపిస్తాయి. గీయడానికి అది మంచిదే. తప్పు వెతకడానికి మాత్రం బొమ్మని తలకిందులుగా చూడొద్దు. 1980లో పీటర్ థాంప్సన్ అనే సైకాలజిస్టు అప్పటి బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ ఫోటోలో కళ్లూ నోరూ మాత్రమే తిప్పేసి, మొత్తం ఫోటోని తలకిందులుగా చూపించాడు. అలా చూస్తే పెద్ద తేడా ఏమీ తెలియదు, నిలువుగా పెడితే జడుసుకుంటాం. తలకిందులుగా ఉన్నప్పుడు ముఖంలో తప్పులు మన కంటికి ఆనవు. అందుకే తప్పు పట్టాలంటే బొమ్మని అద్దంలో చూడండి. ఒరిగిన కళ్లూ వంకర దవడా వెంటనే బయటపడతాయి.

సెల్ఫీలు చూసి గీయకండి. కెమెరాకి ముక్కు దగ్గర, చెవులు దూరం కాబట్టి ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. మీరెంత సరిగ్గా గీసినా మనిషి పోలిక రాదు, నింద మాత్రం మీ మీద పడుతుంది. నాలుగైదు అడుగుల దూరం నుంచి, ఒక పక్క నుంచి వెలుతురు పడేలా తీసిన ఫోటో అడగండి. "ఫ్రీగా నా బొమ్మ గీసివ్వవా" అనేవాళ్లు పంపేవి ఎప్పుడూ సెల్ఫీలే, అదీ ఫిల్టర్ వేసినవి! ముఖంలో ఒక్క ముడత ఉండదు, ఇక నేను గీసేదేముంది?

వేలితో రుద్ది షేడింగ్ చేయడం కూడా మానేయండి. దవడ దగ్గర ఒక తలం, అంటే ఒక వైపుకి తిరిగిన భాగం, ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా మొత్తం పొగలా అయిపోతుంది. నా మొదటి రెండు స్కెచ్‌బుక్కుల నిండా ఆ పొగే.

రోజుకెన్ని అన్నారు కదా, ఒకటి చాలు. రోజూ కుదరకపోతే రోజు విడిచి రోజు గీయండి. నెల రోజులు ముఖం మాత్రం మార్చకండి. నిన్నటి పేజీ అంచున రాసుకున్నది చదవకుండా ఇవాళ పెన్సిల్ పట్టుకోకండి.

నలభయ్యో రోజు బొమ్మ నాన్నకి చూపించాను. ఈసారి కళ్లజోడు వెతుక్కోలేదు. "ఇది నేనే" అన్నారు. కాసేపు అలాగే చూసి, "మరి అన్నయ్యకి గీసినంత బాగా నాకు మీసం గీయలేదేం?" అని అడిగారు.