ప్రాక్టీసులో పులి, పోటీలో పిల్లి: ఏం చేయాలి?

అమ్మా, ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. నీ దగ్గర బ్యాడ్మింటన్ నేర్చుకుంటున్న పదమూడేళ్ల పిల్ల ప్రాక్టీసులో తనకంటే పెద్దవాళ్లకు చెమటలు పట్టిస్తుందనీ, టోర్నమెంట్ అనేసరికి మొదటి రౌండ్‌లోనే చేతులెత్తేస్తుందనీ రాశావు. "ఎంత ధైర్యం చెప్పినా తలకెక్కడం లేదు సార్" అన్నావు. ఎక్కదమ్మా. మాటలతో వచ్చిన ధైర్యం కోర్టు గేటు దాకానే ఉంటుంది. 21 పాయింట్ల గేమ్‌లో స్కోరు 19-19 అయినప్పుడు పిల్లకు నీ మాటలు గుర్తు రావు. ఇలాంటి చోట ఇంతకుముందు తను ఏం చేసిందో అదే గుర్తొస్తుంది.

ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లోనే ఈ సంగతి విడమరిచి చెప్పాడు. 'ఈ పని నేను చేయగలను' అన్న నమ్మకం మనిషికి నాలుగు వైపుల నుంచి వస్తుందన్నాడు: తాను స్వయంగా చేసి చూసుకున్న పని, తనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, నమ్మకమైనవాళ్లు చెప్పే మాట, తన ఒంట్లో కలిగే అలజడిని తాను అర్థం చేసుకునే తీరు. వీటిలో మొదటిదే అన్నిటికంటే బలమైనది. మన కోచ్‌లూ, తల్లిదండ్రులూ మాత్రం పొద్దస్తమానం ఆ మూడోదాన్నే పట్టుకుని వేలాడతారు. "నువ్వు గెలుస్తావురా, నాకు తెలుసు" అంటారు. వాడికి తెలియాలి కదా!

ప్రాక్టీసులో పెద్దవాళ్లను ఓడించడం స్వయంగా చేసిన పనే కదా అని నువ్వు అడగొచ్చు. నిజమే, కానీ అక్కడ స్కోరుకు విలువ లేదు, చూసేవాళ్లు లేరు, ఓడినా పోయేదేమీ లేదు. పిల్లలు గడుసువాళ్లు. అలాంటి గెలుపును లోలోపల లెక్కలో వేసుకోరు. అందుకే ముందు నీ ప్రాక్టీసును కాస్త మార్చు.

రోజూ చివరి అరగంట గేమ్‌ను 18-18 నుంచి మొదలుపెట్టించు. ఒక్కోసారి 17-19తో వెనకబడ్డట్టు ఆడించు. మిగతా పిల్లలందరినీ లైన్ బయట కూర్చోబెట్టి చూడమను. ఓడినవాళ్లు షటిల్స్ ఏరాలి, అంతే, అంతకు మించి శిక్షలు వద్దు. సర్వీస్ ప్రాక్టీసు కూడా అంతే. బుట్టెడు షటిల్స్ ముందు పెట్టుకుని వరసగా కొడుతూ పోతే పదోదానికి చెయ్యి కుదురుతుంది. మ్యాచ్‌లో ఆ అవకాశం ఎవరిస్తారు? రొప్పుతూ వచ్చి ఒక్కటే కొట్టాలి. కాబట్టి ఫుట్‌వర్క్ చేయించి, ఆయాసంతో ఉండగానే ఒక్క షార్ట్ సర్వీస్ (నెట్ దాటి దగ్గరలోనే పడేది) చేయించి, మళ్లీ ఫుట్‌వర్క్‌కి పంపెయ్. మొదట్లో చాలా నెట్‌కి తగులుతాయి. కంగారుపడకు, పిల్లనూ కంగారుపెట్టకు. ఎదురు ఆడేవాళ్లను ఎంచేటప్పుడు మాత్రం జాగ్రత్త. మన పిల్ల ఎప్పుడూ ఓడించేవాళ్లు వద్దు, ఎప్పుడూ తననే ఓడించేవాళ్లు అసలే వద్దు. కష్టపడితే తను గెలవగలిగేవాళ్లను చూసి వెయ్. ఇందులోనే నీ పనితనమంతా ఉంది.

ఇక ఆ పిల్ల మ్యాచ్‌లో ఎక్కడ తడబడుతోందో దగ్గర నుంచి చూశావా? స్కోరు బిగుసుకున్నప్పుడు తన చేతివేళ్లు చూడు. రాకెట్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే బొటనవేలి గోరు తెల్లబడిపోతుంది. భుజం చెవి వైపు లేస్తుంది. సర్వీస్ చేసే ముందు ఊపిరి బిగపట్టేస్తుంది, తనకే తెలియదు. చెయ్యి అలా బిగుసుకున్నాక షటిల్ నెట్‌కి కొట్టుకోకపోతేనే ఆశ్చర్యం. అక్కడ "ధైర్యంగా ఆడు" అని బయట నుంచి అరిస్తే పిల్ల ఏం చేయాలి? దాని బదులు చేయడానికి ఒక పని ఇవ్వు.

అలాంటి పని ఒకటి చెబుతాను. పాయింట్ అవగానే నెట్ వైపు వీపు తిప్పాలి. చూపు రాకెట్ తీగల మీద పెట్టాలి. వేళ్లు ఒకసారి వదులు చేసి మళ్లీ పట్టుకోవాలి. ఊపిరి నెమ్మదిగా, పూర్తిగా వదలాలి. పీల్చడం కంటే వదలడం పొడుగ్గా ఉండాలి, గుండె దడ తగ్గేది అందుకే. తర్వాత తనకిష్టమైన ఒక మాట లోపల అనుకుని, షటిల్ పడాల్సిన చోటు చూసి, కొట్టాలి. ఇదంతా కొన్ని సెకన్లలో అయిపోవాలి. ఆట ఆగకుండా సాగాలన్నది బ్యాడ్మింటన్ నియమం, ఆలస్యం చేస్తే అంపైర్ ఊరుకోడు. ఆ మాట ఏదో పిల్లే ఎంచుకోవాలి. నువ్వు ఇవ్వకు. ఒక్కటే షరతు: వద్దన్నది కాకుండా చేయాల్సింది చెప్పే మాట అయి ఉండాలి. "నెట్‌కి కొట్టకు" అనుకుంటే మనసులో నెట్టే మెదులుతుంది. "టేప్ మీదుగా" అనుకుంటే, అంటే నెట్ పై అంచున ఉండే తెల్ల పట్టీ మీదుగా అని, దారి కనిపిస్తుంది. మణికట్టు ఎలా తిప్పాలి, మోచెయ్యి ఎక్కడ ఉండాలి లాంటివి మ్యాచ్‌లో గుర్తుచేయకు. బాగా వచ్చిన షాట్‌ను ఆలోచిస్తూ కొడితే చెడుతుంది.

21 పాయింట్ల గేమ్‌లో 11 దగ్గర 60 సెకన్ల విరామం ఉంటుంది కదా. చాలామంది కోచ్‌లు ఆ నిమిషంలో నెల రోజుల పాఠం చెప్పాలని చూస్తారు. నువ్వు మొదట నోరు మెదపకు. పిల్లను నీళ్లు తాగనివ్వు, ఊపిరి అందుకోనివ్వు. తర్వాత ఒక్క సంగతి, ఒకే ఒక్కటి చెప్పి పంపు. రెండు చెబితే రెండూ మరచిపోతుంది.

టెన్షన్ గురించి అడిగావు. "టెన్షన్ పడకు" అంటే టెన్షన్ తగ్గినవాళ్లను నేనింతవరకూ చూడలేదు. అలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు 2014లో ప్రచురించిన ప్రయోగాలు ఈ విషయంలో నాకు బాగా నచ్చాయి. పాట పాడే ముందు, ప్రసంగించే ముందు, లెక్కల పరీక్ష రాసే ముందు "నేను ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్ల కంటే "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నవాళ్లే బాగా చేశారు. గుండె దడదడా కొట్టుకోవడం రెండింటిలోనూ ఉంటుంది, దానికి మనం పెట్టుకునే అర్థమే వేరు. బండూరా చెప్పిన నాలుగోది ఇదే. చేతులు చల్లబడటం, కడుపులో తిప్పడం, మాటిమాటికీ బాత్‌రూమ్‌కి పరుగెత్తడం... ఇవన్నీ ఒళ్లు ఆటకు సిద్ధమవుతున్న గుర్తులని పిల్లకు ముందే చెప్పి ఉంచు. పోటీ రోజు పొద్దున కాదు, వారాల ముందు.

అనుకోనివి కూడా ముందే రుచి చూపించాలి. 2008 బీజింగ్ ఒలింపిక్స్ 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈతలో మైకేల్ ఫెల్ప్స్ కళ్లద్దాల్లోకి నీళ్లు చేరి దాదాపు ఏమీ కనిపించలేదు. బారలు లెక్కపెట్టుకుంటూ ఈది, 1 నిమిషం 52.03 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టి గెలిచాడు. అతని కోచ్ బాబ్ బౌమన్ అంతకుముందే ఒక పోటీలో కావాలని అతని కళ్లద్దాలు తొక్కి పాడుచేసి, అలాగే ఈతకు దింపాడు. నువ్వు రాకెట్లు విరగ్గొట్టక్కర్లేదులే! ఒకరోజు షటిల్ లోపల పడిందా, బయట పడిందా అని చెప్పే లైన్ కాల్స్ తప్పుగా ఇవ్వు, ఒకరోజు అలవాటు లేని రాకెట్‌తో ఆడించు, ఒకరోజు వార్మప్‌కి సగం సమయమే ఇవ్వు. తర్వాత కూర్చోబెట్టి, మ్యాచ్‌లో ఇలా జరిగితే ఏం చేస్తావని అడుగు. "గాలి ఎక్కువగా ఉంటే షటిల్ ఎత్తు తగ్గిస్తాను" అన్నంత స్పష్టంగా జవాబు రావాలి. రాత్రి పడుకునే ముందు కళ్లు మూసుకుని మ్యాచ్ ఊహించుకోమని చెబుతారు, మంచిదే. కానీ కప్పు అందుకుంటున్నట్టు ఊహించుకుంటే ఒరిగేదేం లేదు. వరసగా మూడు పాయింట్లు పోయాక వీపు తిప్పి, ఊపిరి వదిలి, నాలుగోది ఆడుతున్నట్టు ఊహించుకోవాలి. కాళ్ల కింద నేల, షూస్ కిర్రుమనడం, చేతిలో గ్రిప్ తడి, అన్నీ అందులో ఉండాలి.

పొగడ్త విషయంలో నీ చెయ్యి కాస్త ధారాళమని నాకు తెలుసు. 1998లో క్లాడియా ముల్లర్, కేరల్ డ్వెక్ అనే పరిశోధకులు ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల్లో, "నువ్వు తెలివైనదానివి" అని మెచ్చుకున్న పిల్లలు ఒకసారి తప్పాక తొందరగా డీలా పడ్డారు. కష్టాన్ని మెచ్చుకున్న పిల్లలు పట్టు వదల్లేదు. "నీలో పుట్టుకతోనే ఆట ఉంది" అన్నావనుకో, ఓడిన రోజు ఆ ఆట లేదేమోనని పిల్ల భయపడుతుంది. అందుకని చూసిందే చెప్పు: "14 దగ్గర రెండుసార్లు నెట్‌కి కొట్టినా మూడోసారి అదే షాట్ ఆడావు, బాగుంది." ఇలా చెప్పాలంటే నువ్వు మ్యాచ్ కళ్లు పెట్టి చూడాలి. ఉత్తుత్తి మెప్పును పిల్లలు ఇట్టే పసిగడతారు.

ఒక నోట్‌బుక్ కొనివ్వు. ప్రాక్టీసు అయ్యాక ఇవాళ ఏం కుదిరింది, ఏది కష్టమైనా వదలకుండా చేశాను, రేపు ఏం చేయాలి అన్నవి తన చేత్తో రాయాలి. అక్షర దోషాలు దిద్దకు, అది తెలుగు పరీక్ష కాదు. టోర్నమెంట్‌కి వెళ్లే ముందు రోజు ఆ పుస్తకం తిరగేస్తే, నువ్వు చెప్పాలనుకున్నదంతా తన దస్తూరీలోనే ఉంటుంది.

గట్టిగా అరవని పిల్లకు ఆత్మవిశ్వాసం లేదనుకోకు. కోర్టు మధ్యలో నిలబెట్టి అప్పటి కోచ్ గోపీచంద్ తనచేత అరిపించారని, అది తనకెంత కష్టమైందో పి.వి. సింధు చెప్పింది కదా. 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన సింధు ఆటలో ఆ దూకుడు మనమంతా చూశాం. అంటే అదీ నేర్పితే వచ్చే విద్యే. కానీ ఆ శిష్యురాలిని ఏళ్ల తరబడి ఎరిగిన గురువు చేసిన పని అది. నీ దగ్గరికి నిన్న మొన్న వచ్చిన పిల్లను అందరి ముందూ నిలబెట్టి అరవమంటే రేపటి నుంచి రాదు. తలెత్తి నడవడం, పాయింట్ పోయినా భుజాలు వేలాడేయకపోవడం, ఇంతతో మొదలుపెట్టు చాలు.

వయసు మాట కూడా చెప్పాలి. పన్నెండు పదమూడేళ్లప్పుడు ఒకరు ఏడాదిలో బారెడు పెరుగుతారు, పక్కవాళ్లు అలాగే ఉంటారు. ఒళ్లు ముందు ఎదిగిన పిల్ల గెలుస్తుంది, అందరూ ఆమెనే చూపిస్తారు. మీ పిల్లను ఆమెతో పోల్చకు, పోయిన నెలలో తను ఎలా ఆడిందో దానితో పోల్చు.

తల్లిదండ్రులను ఒకసారి పిలిచి మాట్లాడు. ఓడిన రోజు ఇంటికెళ్లే దారిలో పోస్ట్‌మార్టమ్ పెట్టొద్దని గట్టిగా చెప్పు. "ఆకలేస్తుందా?" అని అడిగితే చాలు. ఆట మాట పిల్లే ఎత్తితే వినాలి. నీకూ ఇదే వర్తిస్తుంది. అమెరికాలో బేస్‌బాల్ పిల్లల కోచ్‌ల మీద చేసి 1992లో వెలువరించిన అధ్యయనం ఒకటి ఉంది. తప్పు జరిగినప్పుడు తిట్టకుండా భరోసా ఇచ్చి దిద్దడం, కష్టాన్ని గుర్తించడం నేర్చుకున్న కోచ్‌ల దగ్గర మరుసటి ఏడాదికి ఆట మానేసిన పిల్లలు 5 శాతం. మామూలు కోచ్‌ల దగ్గర 26 శాతం.

ఇంకొకటి, తేలిగ్గా తీసుకోకు. ప్రతి టోర్నమెంట్ ముందూ కడుపునొప్పి రావడం, నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గిపోవడం, దెబ్బ తగలకపోయినా తగిలిందనడం వారాల తరబడి సాగితే అది మన ఊపిరి కసరత్తులతో పోయేది కాదు. సైకాలజిస్ట్‌కి చూపించమని ఇంట్లోవాళ్లకు చెప్పు. టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ గాలిలో తన ఒంటి మీద తనకే పట్టు తప్పుతోందని తెలిసి ఫైనల్ మధ్యలో తప్పుకుంది. నానా మాటలూ అన్నారు. 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. ఆగాల్సిన చోట ఆగిన పిల్లను పిరికిది అననివ్వకు.

వచ్చే టోర్నమెంట్‌కి గెలుపు లక్ష్యం పెట్టకు. స్నేహితురాలినొకదాన్ని లైన్ పక్కన కూర్చోబెట్టి, మీ పిల్ల సర్వీస్ ముందు వీపు తిప్పి ఊపిరి వదిలిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత గీయమను. మ్యాచ్ ఏమైనా సరే, ముందు ఆ గీతలు లెక్కపెట్టి, తర్వాత స్కోరు మాట్లాడు. ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపు. ఏ పాయింట్ల దగ్గర గీతలు తగ్గాయో చూసి, తర్వాతి నెల ప్రాక్టీసు ఎలా వేయాలో ఫోన్‌లో మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ సార్