మళ్లీ పాత కోచ్ దగ్గరకే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వయసు మీదపడిన టెన్నిస్ ఛాంపియన్లు ఒకప్పుడు విడిపోయిన కోచ్‌తో మళ్లీ కలవడం గురించి విజయవాడ, గుంటూరు పాఠకుల నుంచి ఈసారి కొన్ని ఉత్తరాలు వచ్చాయి. విషయం ఒక్కటే కనుక వాటన్నిటికీ ఒకేచోట జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ముప్పై దాటిన ఛాంపియన్ తాను వదిలేసిన కోచ్‌నే మళ్లీ పిలిపించుకుంటే పత్రికలు దాన్ని పెద్ద వార్తగా రాస్తాయి. దానివల్ల నిజంగా ఆట మెరుగుపడుతుందా, లేక వరుస ఓటముల మధ్య మనసుకు ధైర్యం చెప్పుకోవడానికి చేసుకునే ఏర్పాటేనా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: మెరుగుపడిన సందర్భాలు ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా స్పష్టమైనది పీట్ సంప్రాస్‌ది కాబట్టి దాన్ని కొంచెం వివరంగా చెప్పుకుందాం. 2000 వింబుల్డన్‌లో పదమూడో గ్రాండ్‌స్లామ్ (టెన్నిస్‌లో నాలుగు అతిపెద్ద టోర్నీల) టైటిల్ గెలిచి రాయ్ ఎమర్సన్ రికార్డును దాటిన తరువాత సంప్రాస్ రెండేళ్లకు పైగా ఒక్క టోర్నీలోనూ విజేత కాలేకపోయాడు. ఆ మధ్యకాలంలో అమెరికన్ ఓపెన్ ఫైనల్‌కు రెండుసార్లు చేరినా, ఒకసారి మరాత్ సఫిన్ చేతిలోనూ మరోసారి లీటన్ హెవిట్ చేతిలోనూ వరుస సెట్లలో ఓడిపోయాడు. అప్పటి కోచ్ పాల్ అనకోన్. అంతకు ముందరి కోచ్ టిమ్ గులిక్‌సన్ 1995 ఆస్ట్రేలియన్ ఓపెన్ సమయంలో మెదడు క్యాన్సర్‌తో కుప్పకూలినప్పుడు, ఆ బాధ్యతను అందుకున్నది ఆయనే. 2001 ముగిసేనాటికి సంప్రాస్ ఆయనతో తెగతెంపులు చేసుకొని మొదట టిమ్ కవల సోదరుడు టామ్ గులిక్‌సన్‌ను, తరువాత హోసే హిగ్వెరాస్‌ను పెట్టుకున్నాడు.

హిగ్వెరాస్ సామాన్యుడు కాదు. మైఖేల్ చాంగ్, జిమ్ కొరియర్ ఇద్దరూ ఆయన శిక్షణలోనే ఫ్రెంచ్ ఓపెన్ గెలిచారు. అయితే ఆయన స్పెయిన్ మట్టి కోర్టుల నుంచి వచ్చినవాడు, బేస్‌లైన్ దగ్గర ఓపికగా ర్యాలీలు కట్టే ఆటకు పెట్టింది పేరు. సర్వీస్ చేసి నెట్ దగ్గరకు దూసుకుపోయే సంప్రాస్ ఆ వయసులో అలాంటి గురువు దగ్గరకు వెళ్లడం, నా దృష్టిలో, తనకు లేనిదాన్ని వెతుక్కుంటూ ఉన్నదాన్ని మరచిపోవడమే. 2002 వింబుల్డన్ రెండో రౌండ్లో, ప్రపంచ ర్యాంకింగ్స్‌లో 145వ స్థానంలో ఉండి, క్వాలిఫయింగ్‌లో ఓడినా అదృష్టవశాత్తూ ప్రధాన డ్రాలో చోటు దక్కిన జార్జ్ బాస్టల్ చేతిలో, ఛాంపియన్ల శ్మశానమని పేరుపడిన రెండో నంబరు కోర్టు మీద అతను ఐదు సెట్లలో ఓడిపోయాడు. ఆ తరువాతే మళ్లీ అనకోన్‌కు కబురు వెళ్లింది.

ఆ ఏడాది అమెరికన్ ఓపెన్‌లో సంప్రాస్‌కు 17వ సీడ్ దక్కింది. మూడో రౌండ్లో అతని చేతిలో ఐదు సెట్లు ఆడి ఓడిన గ్రెగ్ రుసెడ్‌స్కీ, సంప్రాస్ కాళ్లలో మునుపటి వేగం లేదనీ తరువాతి మ్యాచ్‌లో టామీ హాస్ చేతిలో ఓడిపోతాడనీ బాహాటంగానే అన్నాడు. సంప్రాస్ హాస్‌ను ఓడించాడు, క్వార్టర్ ఫైనల్లో ఆండీ రాడిక్‌ను మూడే సెట్లలో ఇంటికి పంపాడు, ఫైనల్లో ఆండ్రీ అగస్సీ మీద 33 ఏస్‌లు (ఎదుటివాడి రాకెట్‌కు అందని సర్వీసులు) కొట్టి నాలుగు సెట్లలో నెగ్గాడు. 31 ఏళ్ల వయసులో గెలిచిన ఆ పద్నాలుగో టైటిలే అతని చివరి మ్యాచ్ కూడా అయింది. ఈ కొద్ది వారాల్లో అనకోన్ నేర్పిన కొత్త షాట్ అంటూ ఏదీ లేదు. ఆయన కూడా తన ఆట రోజుల్లో నెట్ మీదకు దూకే ఆటగాడే. రెండో సర్వీస్ వేసి కూడా ముందుకు పరుగెత్తే తెగువ సంప్రాస్‌కు ఏ స్థితిలో వస్తుందో, ఏ స్థితిలో పోతుందో ఏళ్ల తరబడి దగ్గరుండి చూసినవాడు. పాత కోచ్ చేయగలిగిన పని ఇదే: ఆటగాడికి కొత్తగా చేర్చడం కాదు, మధ్యలో వచ్చి చేరిన అనవసరమైన ఆలోచనలను తీసివేయడం.

ప్రశ్న: జొకోవిచ్ 2018లో పాత కోచ్ వాజ్దాను తిరిగి తెచ్చుకున్నాక వరుసగా గెలిచాడని అంటారు. కానీ అదే సమయంలో అతని మోచేతి గాయం కూడా మానింది కదా! గొప్పతనం కోచ్‌ది కాదు, శస్త్రచికిత్స చేసిన వైద్యుడిది అంటాను. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, గాంధీనగర్, విజయవాడ

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. మోచేయి బాగుపడకపోతే వాజ్దా వచ్చినా చేయగలిగింది స్వల్పం. 2017 వింబుల్డన్ క్వార్టర్ ఫైనల్లో ఆ నొప్పితోనే జొకోవిచ్ మధ్యలో తప్పుకొని ఆ ఏడాది మరి ఆడలేదు. 2018 ఆరంభంలో శస్త్రచికిత్స అయింది. అయితే చికిత్స తరువాత కోర్టుకు తిరిగి వచ్చిన వెంటనే అతను గెలవలేదు. ఇండియన్ వెల్స్‌లో టారో డేనియల్ చేతిలో, మయామీలో బెనువా పెయిర్ చేతిలో ఓడాడు. అప్పటికే 2006 నుంచి తనతో ఉన్న మారియన్ వాజ్దాతో 2017 మే నెలలో విడిపోయి, ఆ తరువాత అగస్సీ, రాదెక్ స్టెపానెక్‌ల సాయం తీసుకొని, వాళ్లనూ వదిలేసిన స్థితి అది. 2018 ఏప్రిల్‌లో వాజ్దా తిరిగి వచ్చాడు. అయినా ఫ్రెంచ్ ఓపెన్‌లో ప్రపంచ 72వ ర్యాంకు ఆటగాడు మార్కో చెక్కినాటో చేతిలో ఓడాడు; అప్పటికే ర్యాంకింగ్స్‌లో మొదటి ఇరవైలోంచి కూడా జారిపోయి ఉన్నాడు. ఆ వెంటనే వింబుల్డన్, ఆ తరువాత అమెరికన్ ఓపెన్, ఏడాది చివరికి మళ్లీ అగ్రస్థానం. అప్పుడు అతని వయసు కూడా 31 ఏళ్లే. గాయం మానడానికీ గెలుపుకూ మధ్య గడిచిన ఆ కొద్ది నెలల్లో వాజ్దా ఉండటం వట్టి యాదృచ్ఛికం అని నేను అనుకోను. అలాగని వైద్యుడి వాటాను తగ్గించను.

మీ వాదనకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం ఆండీ ముర్రే కథలో ఉంది. ఇవాన్ లెండిల్ దగ్గర అతను మూడుసార్లు చేరాడు. మొదటి విడతలో 2012 ఒలింపిక్ స్వర్ణం, అదే ఏడాది అమెరికన్ ఓపెన్, 2013 వింబుల్డన్ వచ్చాయి. లెండిల్ కూడా తన మొదటి నాలుగు గ్రాండ్‌స్లామ్ ఫైనల్స్‌లో ఓడి ఆ తరువాతే 1984లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు. ముర్రే కూడా సరిగ్గా నాలుగు ఓడి ఐదోది గెలిచాడు. ఆ దారి నడిచినవాడి మాటకు ముర్రే దగ్గర ఎందుకంత విలువ ఉందో అర్థం చేసుకోవచ్చు. 2014లో విడిపోయి 2016 జూన్‌లో మళ్లీ కలిశాక వింబుల్డన్, రియో ఒలింపిక్స్, నవంబరులో ప్రపంచ నంబర్ వన్ స్థానం వరుసగా దక్కాయి. కానీ 2019లో తుంటికి లోహపు తొడుగు వేయించుకున్న తరువాత, 2022 మార్చిలో మూడోసారి లెండిల్‌ను పిలిపించుకున్నప్పుడు ఆ ముందరి ఫలితాలు రాలేదు. ఫైనల్స్ దాకా వెళ్లినా ప్రధాన టూర్‌లో ఒక్క టైటిలూ దక్కలేదు, గ్రాండ్‌స్లామ్‌లో మూడో రౌండు దాటలేదు; 2023 నవంబరులో ఇద్దరూ విడిపోయారు. కోచ్ అతనే, ఆటగాడూ అతనే, నమ్మకం తగ్గలేదు. తుంటి ఒక్కటే మారింది. కనుక శరీరం ఒప్పుకున్నంత వరకే పునఃకలయిక పనిచేస్తుందన్న మీ మాటను కాదనను. శరీరం ఒప్పుకున్నవాళ్లందరూ గెలవరన్న మాటను మాత్రం దానికి జతచేస్తాను.

ప్రశ్న: మ్యాచ్ నడుస్తుండగా గ్యాలరీలోని కోచ్ ఆటగాడికి సలహా చెప్పవచ్చా? సంప్రాస్ రోజుల్లోనూ అలాగే ఉండేదా?
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అప్పట్లో నిషేధం. పురుషుల టూర్‌ను నడిపే ఏటీపీ 2022 జులైలో గ్యాలరీ నుంచి సలహాలను ప్రయోగాత్మకంగా అనుమతించింది. 2025 జనవరి నుంచి అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నియమాల్లోనే దానికి చోటు దొరికింది. మహిళల టూర్ ఈ విషయంలో ముందే చొరవ తీసుకుంది. అనకోన్ మాత్రం 2002లో నోరు విప్పకుండా కూర్చోవలసినవాడే.

ప్రశ్న: విదేశీయుల కథలేనా? మన తెలుగు నేల మీద ఇలా తిరిగి కలిసినవారు లేరా?
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: టెన్నిస్‌లో నాకు తట్టడం లేదు కానీ, పక్కనే ఉన్న బ్యాడ్మింటన్‌లో అందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది. హర్యానాలో పుట్టి హైదరాబాద్‌లో పెరిగిన సైనా నెహ్వాల్, అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ శిక్షణలో 2012 లండన్ ఒలింపిక్స్ కాంస్యం గెలిచి, 2014 సెప్టెంబరులో ఆయన్ను వదిలి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గర చేరింది. ఆ నిర్ణయాన్ని అప్పట్లో చాలామంది తప్పుపట్టారు. నేను మాత్రం తప్పనను. ఎందుకంటే 2015లో ఆమె ప్రపంచ నంబర్ వన్ అయిందీ, ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఆడిందీ అక్కడ ఉన్నప్పుడే. రియో ఒలింపిక్స్ నాటి మోకాలి గాయం, శస్త్రచికిత్స, 2017 ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం తరువాత ఆమె మళ్లీ గోపీచంద్ దగ్గరకు వచ్చింది. 2018 కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో పి.వి. సింధును ఓడించి స్వర్ణం గెలిచింది. అదే ఏడాది ఆసియా క్రీడల్లో కాంస్యం, 2019 జనవరిలో ఇండోనేసియా మాస్టర్స్ టైటిల్ దక్కాయి. ఆమె వెళ్లినందుకు మూల్యం చెల్లించలేదు, వచ్చినందుకు తల దించుకోలేదు. గురువును విడిచిపోవడాన్ని గురుద్రోహంగా చూసే అలవాటు మనకు ఎక్కువ. అది ఆటకు మేలు చేయదు.

ప్రశ్న: నా వయసు 48. చదువుకునే రోజుల్లో నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున టెన్నిస్ ఆడాను, జిల్లాలో కొన్ని టైటిళ్లు గెలిచాను. నాకు రాకెట్ పట్టడం నేర్పిన కోచ్‌ను పందొమ్మిదేళ్ల వయసులో ఒక్క మాటైనా చెప్పకుండా వదిలి, హైదరాబాద్‌లో మరొకరి దగ్గర చేరాను. ఇప్పుడు వెటరన్స్ పోటీలు ఆడాలని ఉంది. ఆయన విజయవాడలో ఉంటున్నారు, డెబ్బై దాటినా రోజూ కోర్టుకు వస్తారని విన్నాను. ఏ ముఖం పెట్టుకొని వెళ్లను? వెళ్తే నాకు ఉపయోగం ఉంటుందా?
– పేరు వద్దన్న పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మొదటి ప్రశ్నకు తిన్నగా జవాబు చెబుతాను. ఫోన్ చేయకండి, మధ్యవర్తిని పంపకండి, స్వయంగా వెళ్లండి. అయితే పిల్లలకు శిక్షణ ఇస్తున్న సమయంలో, వాళ్ల ముందు వెళ్లవద్దు. అందరి ఎదుటా ఆయన కోపం చూపినా ఇబ్బందే, చూపకుండా దిగమింగుకున్నా ఇబ్బందే. శిక్షణ అయిపోయాక, బంతుల బుట్ట సర్దుకునే వేళ వెళ్లండి. చెప్పకుండా వెళ్లిపోవడం తప్పని ముందు ఒప్పుకోండి. ఎందుకు వెళ్లారో వివరించడానికి మాత్రం తొందరపడకండి. ఇన్నేళ్ల తరువాత చెప్పే కారణాలు వినేవాళ్లకు సాకుల్లాగే వినిపిస్తాయి. ఆయన అడిగితే అప్పుడు చెప్పండి. రాకెట్ కిట్టుతో మొదటి రోజే వెళ్లడం నాకు నచ్చదు, దానిలో క్షమాపణ కన్నా అవసరం ఎక్కువ కనిపిస్తుంది.

రెండో ప్రశ్నకు, ఉపయోగం ఉంటుందనే అనుకుంటున్నాను, ఒక షరతు మీద. ఆయన చేతిలో మీరు పందొమ్మిదేళ్ల కుర్రవాడు. ఆయన కళ్లకు ఇప్పటికీ ఆ కుర్రవాడే కనిపిస్తే, ఆ కాలపు పరుగు, ఆ కాలపు సర్వీస్ అడుగుతారు; మీరు కూడా ఆయన ముందు కాదనలేక ప్రయత్నిస్తారు. భుజమో పిక్కో పట్టేసేది ఆ మొహమాటంలోనే. అందుకని ముందుగా గుండె పరీక్ష, మోకాళ్లు, భుజం చూపించుకొని, వైద్యుడు చెప్పిన హద్దులను మొదటి రోజే ఆయనకు తెలియజేయండి. కండరాలు త్వరగా పుంజుకుంటాయి కానీ, వాటిని ఎముకకు పట్టి ఉంచే టెండన్లకు మీ వయసులో చాలా ఎక్కువ సమయం పడుతుంది. మొదటి నెలలు వారానికి రెండు మూడు రోజులకు మించి ఆడకండి, సర్వీసుల సంఖ్యను మెల్లగా పెంచండి. విజయవాడ ఎండలు మీకు తెలియనివి కావు: ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారగానే ఆట మొదలుపెట్టి, ఎండ ముదరక ముందే ముగించాలి.

పాత రాకెట్‌ను అటక మీద నుంచి దించి తీసుకువెళ్లాలని ఉంటుంది, వద్దు. ఇప్పటి ఫ్రేములు తేలికైనవి, వాటి తల పెద్దది. గట్టింగ్ (రాకెట్ తీగల) విషయంలో మాత్రం కుర్రవాళ్లు వేయించుకునే బిరుసైన పాలియెస్టర్ జోలికి పోకండి, అది మోచేతికి చేటు. మెత్తని రకం వేయించుకొని తీగల బిగువు కొంచెం తగ్గించమని షాపువాడికి చెప్పండి. వెటరన్స్ పోటీల్లో వయసు విభాగాలు ఐదేళ్లకు ఒకటి చొప్పున ఉంటాయి కనుక, మీకు 50 నిండే ఏడాదిని లక్ష్యంగా పెట్టుకుంటే ఆ విభాగంలో మీరే చిన్నవారు. ఈ రెండేళ్లూ సిద్ధపడటానికి చాలు.

ఆయన్ను ఏమి అడగాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. కొత్త షాట్లు నేర్పమని అడగవద్దు. మీరు బాగా ఆడిన రోజుల్లో ఏ షాట్‌ను నమ్ముకుని ఆడేవారో, ఒత్తిడిలో ఏ తప్పు మళ్లీ మళ్లీ చేసేవారో అడగండి. మీరు మరచిపోయి ఉంటారు. వందల మంది పిల్లలకు నేర్పిన మనిషి అయినా ఆయన మాత్రం మరచిపోయి ఉండరు, కోచ్‌ల జ్ఞాపకశక్తి అలాంటిది. రోజూ వచ్చి నిలబడమని ఆయన వయసువారిని బలవంతం చేయడం భావ్యం కాదు. పదిహేను రోజులకోసారి కూర్చుని చూసి రెండు మాటలు చెబితే చాలు, మిగిలిన రోజులు మీకు సరిపోయే జోడీతో ఆడుకోండి.

ఇక ఫీజు. మీరు ఇవ్వబోతే ఆయన తీసుకోకపోవచ్చు, బలవంతపెడితే బాధపడవచ్చు. ఆయన దగ్గర నేర్చుకుంటున్న పిల్లలకు బంతులు కొనివ్వండి, వాళ్లలో ఎవరికైనా రాకెట్ కొనే స్తోమత లేకపోతే ఆ ఖర్చు మీరు భరిస్తానని చెప్పండి. దానికి ఆయన కాదనరని నా అంచనా.